ఏం లేదులే

తెల్లవారుజామున వీధికుక్క ఒకటి మెట్ల మీద చోటు చూసుకుని, రెండు చుట్లు తిరిగి, ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి, పొడుగ్గా ఊపిరి వదిలింది. దానికేం దిగులో. అసలు దిగులేనా?

మనిషి అలా వదిలితే ఇంట్లో ఎవరో ఒకరు ‘ఏమైంది?’ అంటారు. ‘ఏం లేదులే’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. దాన్ని నమ్మేవాళ్లు తక్కువ.

నిజంగానే ఏమీ ఉండకపోవచ్చు. ఊపిరితిత్తుల్లో బుడగల్లాంటి గాలి గదులు కోట్లకొద్దీ ఉంటాయి. మామూలు ఊపిరికి వాటిలో కొన్ని మెల్లగా ముడుచుకుపోతాయి. ఒక్కసారి రెట్టింపు గాలి వెళితేగానీ విచ్చుకోవు. అందుకే ఇంచుమించు అయిదు నిమిషాలకోసారి మనిషి తనకు తెలియకుండానే నిట్టూరుస్తాడట. ఎలుకల మెదడులో ఈ పని చూసే కణాలు కొన్ని వందలే ఉన్నాయని 2016లో అమెరికా పరిశోధకులు చెప్పారు. ఆ అయిదు నిమిషాల లెక్కన గంటకు పదో పన్నెండో నిట్టూర్పులు ఏ కష్టానికీ చెందనివి. వాటి మధ్య ఒకటో రెండో మనసువి. ఏది ఏదో వదిలినవాళ్లకైనా తెలుస్తుందా?

ప్రబంధాల్లో విరహిణి నిట్టూర్పు సెగకు పూలదండలు వాడిపోతాయి. బస్తా దించిన హమాలీ ఉస్సురంటాడు. ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చిన కుర్రాడు ఉసూరుమంటూ చెప్పులు విప్పుతాడు. బయటికొచ్చేది మాత్రం అదే గాలి.

వీటన్నిటిలో ‘హమ్మయ్య’ మీద నాకు కాస్త మమకారం ఎక్కువ. కిక్కిరిసిన బస్సులో ఎవరో లేచి, కిటికీ పక్క సీటు దొరుకుతుంది. భుజాలు దిగుతాయి. చెమట పట్టిన మెడకు గాలి తగులుతుంది. హమ్మయ్య. ఆ క్షణానికి ఇంకేమీ అక్కర్లేదు. నిమిషం తిరక్కుండా కండక్టరు టికెట్టు వెనక రాసిచ్చిన చిల్లర గుర్తొస్తుంది. ఇక చూపు కిటికీ వైపు కాదు, కండక్టరు వైపే. తృప్తికి ఆ మాత్రం ఆయుష్షే ఉందో, లేక దాని పక్కన ఇంకాసేపు కూర్చోవడం మనకు చేతకాదో.

దీపాలవేళ ఉసూరుమంటూ కూర్చోకూడదనేవారు పెద్దవాళ్లు. చిన్నప్పుడు అది లక్ష్మీదేవికి సంబంధించిన సంగతనుకునేవాణ్ణి. పొద్దంతా పనిచేసి అందరూ ఇల్లు చేరే వేళ అదే కదా. ఒకరి ఉస్సూరు ఇంటిల్లిపాదికీ పాకుతుందని వాళ్ల భయమేమో. అయితే అలసినవాళ్లు ఎక్కడికి వెళ్లి నిట్టూర్చాలి? ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఉసురంటే ప్రాణం. బలహీనుణ్ణి ఏడిపిస్తే ఉసురు తగులుతుందంటారు. ఎదురు చెప్పలేనివాడి ఊపిరికి అంత బలం ఉందని నమ్మినవాళ్లు, ఎన్ని నిట్టూర్పులు విని ఆ మాట అని ఉంటారో.

మొన్న రైతుబజారులో ఒకాయన వంకాయల దగ్గర చాలాసేపు బేరమాడాడు. గంపలో అడుగున నాలుగు మిగిలాయి, తొడిమలు వాడిపోయాయి. చివరికి అమ్మే ఆమె ‘సరే, తీసుకోండి’ అని ఊపిరి వదిలి, తూకం మీద పోసేసింది. ఆయన తృప్తిగానే వెళ్లాడు. ఆ ఊపిరి ఎండకు వచ్చిందో, బేరానికి వచ్చిందో, సరుకు అయిపోయింది ఇంటికి పోవచ్చన్న ‘హమ్మయ్య’యో. పక్కనే నిలబడి విన్నా నాకు తేలలేదు.