బాల్కనీలో శ్రోతలు

1961 మార్చిలో అమెరికాలో, జార్జియా రాష్ట్రం ఆగస్టాలో రే చార్లెస్ కచేరీ పెట్టారు. కింద నాట్యం చేసుకోవడానికి తెల్లవాళ్ళకు చోటు, నల్లవాళ్ళకు పైన బాల్కనీ. పేన్ కాలేజీ విద్యార్థులు ఆ సంగతి చెబితే ఆయన పాడనన్నాడు. నిర్వాహకుడు కోర్టుకెక్కాడు, జరిమానా పడింది.

"పాడి ఉంటే నాలుగు మనసులు మారేవేమో! బాల్కనీలో వాళ్ళకీ ఆ పాట దక్కేది" అన్నాడు కర్జకాన్‌లో నాతో ఉండే మిత్రుడు. కొట్టిపారేసే మాట కాదు. కానీ అభ్యంతరం చెప్పింది ఆ బాల్కనీ మెట్లెక్కాల్సినవాళ్ళే. పాట వదులుకునే హక్కు వాళ్ళది. వాళ్ళ తరఫున కింద కూర్చున్నవాడు బాధపడటం కాస్త విడ్డూరమే.

రే చార్లెస్‌కి అట్లాంటాలో రాయల్ పీకాక్ లాంటి నల్లవాళ్ళ క్లబ్బులుండేవి. మన ఊళ్ళో డప్పు కొట్టేవాడికి ఏముంది? జాతరకీ చావుకీ అతను కావాలి, ఇల్లు మాత్రం ఊరవతల. కొట్టనంటే కూలి ఎవరిస్తారు? 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలయ్యాక అదే డప్పు వాళ్ళ సొంత సభలకి మోగింది. వాయిద్యం అదే, పిలిచేవాళ్ళు మారారు.

ఇక్కడ గల్ఫులో మన పండగ వేదిక మీద లేబర్ క్యాంపు కుర్రాడు జానపదం పాడితే ఈలలేస్తాం. భోజనాల దగ్గర వాళ్ళ వరుస వేరు. ఈ ఉగాదికి అతను పాడనంటే బతిమాలడానికి నన్ను పంపొద్దని కార్యవర్గానికి చెప్పాను.