వంశమా, సంస్కారమా? మన గుర్తింపుకు పునాది ఏది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో జనాభా తీరు మన కళ్ళముందే మారుతోంది. 2017లో కియా కంపెనీతో ఒప్పందం కుదిరింది. 2019లో పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కార్ల తయారీ మొదలైంది. దానితోపాటు కొరియా దేశస్థులు వచ్చారు, వారి లిపిలో బోర్డులు పెట్టుకున్న హోటళ్ళూ వచ్చాయి. ఇతర రాష్ట్రాల నుంచి కూలిపని కోసం యువకులు వచ్చారు. మన పిల్లలు మాత్రం చదువుకనీ, ఉద్యోగానికనీ బెంగళూరు దారి పట్టారు. 2022లో జిల్లా కూడా మారి శ్రీ సత్యసాయి జిల్లా అయింది.

ఈ మార్పు చూసి కొందరు పెద్దలు కలత చెందుతున్నారు. 'ఊరంతా కొత్తవారే అయితే మన తహజీబ్ ఏమవుతుంది? ఖాందాన్‌లు కలగాపులగమైతే మనం మనంగా మిగులుతామా?' అని అడుగుతున్నారు. ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. అయితే దాని వెనుక మరో ప్రశ్న దాగి ఉంది. ఒక సమాజపు సంస్కృతి దాని రక్తంలో ఉంటుందా? ఉంటుందంటే ఈ భయం సబబే. ఉండదంటే మనం భయపడవలసినదాన్ని వదిలి, భయపడనక్కరలేనిదానికి భయపడుతున్నామన్నమాట.

ఈ నేల ఎన్నడు ఒకే జాతిది?

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తమ రాజధానిని పెనుకొండకు మార్చారు. ఆ తర్వాత బీజాపూర్, గోల్కొండ, మరాఠా, మైసూరు పాలకుల సైన్యాలు ఈ ప్రాంతానికి వచ్చాయి. 1800లో నిజాం దీన్ని కంపెనీవారికి అప్పగించాడు. హిందూపురానికి ఆ పేరు మరాఠా నాయకుడు మురారి రావు తండ్రి హిందూరావు వల్ల వచ్చిందంటారు. పెనుకొండ బాబా ఫక్రుద్దీన్ (రహ్మతుల్లాహి అలైహి) సీస్తాన్ ప్రాంతం నుంచి వచ్చారని సంప్రదాయ కథనం.

మన దక్కనీ ఉర్దూనే చూడండి. ఉత్తరాది నుంచి వచ్చిన భాష ఇక్కడి తెలుగు, కన్నడ, మరాఠీల సాంగత్యంలో పెరిగి మన ఇళ్ళ భాష అయింది. ఏ తహజీబ్‌ను కలగలుపు నుంచి కాపాడాలని మనం ఆరాటపడుతున్నామో, ఆ తహజీబ్ కలయిక వల్లనే పుట్టింది.

ధర్మవరం మగ్గం ఇచ్చే సాక్ష్యం

ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపుకు ఆధారం ఏమిటి? ఊరు, పనితనం. నేతగాడి కులం కాదు. ఒకప్పుడు కొన్ని కులాలకే పరిమితమైన మగ్గం మీద నేడు ముస్లిములతో సహా అనేక వర్గాలవారు కూర్చుంటున్నారు. నేతగాడి కొడుకైనా మగ్గం ఎక్కకపోతే పడుగు ఏదో, పేక ఏదో తెలియదు. పరాయి ఇంటి పిల్లవాడైనా పదేళ్ళు గురువు పక్కన కూర్చుంటే అంచు తీర్చగలడు. నేత రక్తంలో రాలేదు, నేర్పితే వచ్చింది. సంస్కృతీ అంతే.

ఖుర్ఆన్ మార్గదర్శనం

సూరా హుజురాత్ 13వ ఆయత్‌లో అల్లాహ్ మానవులందరినీ ఒకే స్త్రీ పురుషుల నుంచి పుట్టించాననీ, జాతులుగా, తెగలుగా చేసింది పరస్పరం గుర్తించుకోవడానికేననీ, తన వద్ద గౌరవం దైవభీతిని బట్టేననీ తెలిపాడు. సూరా రూమ్ 22వ ఆయత్ భాషల్లో, రంగుల్లో ఉన్న తేడాలను తన సూచనలుగా పేర్కొంది. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) కన్నకొడుకు ఆయన బాటలో నడవక మునిగిపోయాడు. అబూ లహబ్ స్వయానా ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) పినతండ్రి. అయినా ఆ బంధుత్వం అతణ్ణి రక్షించలేదు. అబిసీనియా మూలానికి చెందిన హజ్రత్ బిలాల్ (రజి), పర్షియాకు చెందిన హజ్రత్ సల్మాన్ (రజి) మాత్రం ఉమ్మత్‌కు ఆదర్శమయ్యారు.

అయితే ఇస్లాం వంశాన్ని తుడిచివేయలేదు. దత్తపుత్రులను సైతం వారి సొంత తండ్రుల పేరుతోనే పిలవమని సూరా అహ్‌జాబ్ 5వ ఆయత్ ఆదేశిస్తోంది. వారసత్వ హక్కు, బంధుత్వ బాధ్యత వంశం మీదనే నిలుస్తాయి. కనుక వంశం బాధ్యతకు ఆధారమే కానీ గొప్పతనానికి కొలబద్ద కాదు. ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో వంశావళి చాలావరకు ఊహాజనితమేననీ, అది మనుషుల మధ్య నెలకొల్పే అనుబంధమే దాని ప్రయోజనమనీ వివరించారు. ఒంటి రంగు వంశ శాపం వల్ల కాదు, వాతావరణం వల్ల వస్తుందని కూడా రాశారు.

మన గడపలోనే పరీక్ష

ఇంతవరకు అందరూ తలూపుతారు. పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట మారుతుంది. దూదేకుల సోదరుల ఇంటి భాష తెలుగు. వారు చదివే కలిమా మనదే, నిలబడే సఫ్ మనదే. అయినా 'వాళ్ళు వేరు' అనే మాట మన ఇళ్ళలో వినబడుతూనే ఉంది. అబ్బాయి నమాజీ, కష్టజీవి అని తెలిసికూడా 'జాత్ కలవదు' అని సంబంధం వదులుకునేవారున్నారు.

దీనికి కొందరు ఫిఖహ్‌లోని 'కఫాఅత్'ను అడ్డం పెట్టుకుంటారు. హనఫీ ఫుఖహాలు వంశసామ్యాన్ని చర్చించిన మాట నిజమే. కానీ అది ముఖ్యంగా అరబ్బు తెగలకు సంబంధించినది. అరబ్బేతరుల విషయంలో వారు ఇస్లాంలో స్థిరత్వం వంటివాటినే చూశారు. ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) ధర్మనిష్ఠకే ప్రాధాన్యమిచ్చారు.

మరొక సంగతి. 2007 రిజర్వేషన్ చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలను పేరుపేరునా గుర్తించింది, సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివారిని మినహాయించింది. దూదేకులవారు అంతకుముందు నుంచే బి.సి. జాబితాలో ఉన్నారు. జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికి పుట్టుకను లెక్కించడం వేరు, మనిషి విలువ కట్టడానికి లెక్కించడం వేరు.

ఇంకా ఆలోచించండి. మేము అరబ్బుల, తురుష్కుల రక్తమని గర్వపడేవాడు, 'వీరు ఈ నేలవారు కారు' అనేవారి చేతికి తానే ఆయుధం అందిస్తున్నాడు. జాతే గుర్తింపు అని మనమే అంటే, అదే మాట మనమీదికి వచ్చినప్పుడు ఏమని జవాబిస్తాం?

అయితే దేన్ని కాపాడుకోవాలి?

'రక్తం కాదంటే ఇక నిలబెట్టుకోవడానికి ఏముంది? అన్నీ వదిలేద్దామా?' అని అడగవచ్చు. జవాబు దీనికి విరుద్ధం. రక్తంలో ఉన్నదైతే దానంతటదే నిలిచేది. లేదు కనుకనే నేర్పాలి. ఒక్క తరం నేర్పకపోతే చాలు, అది పోతుంది. సయ్యద్ ఇంటిలో పుట్టినా ఉర్దూ అక్షరం రాని పిల్లవాడికి తాతగారి పుస్తకాల బీరువా మూసిన తలుపే. ఆ నష్టం కొత్తవారు తెచ్చిపెట్టింది కాదు.

ఉర్దూ నేర్పుదాం. తెలుగును పరాయిదనుకోకుండా ఉందాం. ఖుర్ఆన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారు అనంతపురం కళాశాలలో తెలుగు బోధించిన పండితులు, ముస్లిమేతరులు. ధర్మసందేశం ఏ భాషకూ, ఏ వంశానికీ సొంత ఆస్తి కాదనడానికి ఈ నిదర్శనం మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే ఉంది.

కొత్తగా వచ్చినవారి విషయానికి వస్తే, సూరా నిసా 36వ ఆయత్ బంధువైన పొరుగువారినే కాదు, బంధువు కాని పొరుగువారిని కూడా ఆదరించమంటుంది. ఎక్కడి నుంచో వచ్చిన కూలి జుమాలో మన పక్కన నిలబడితే అతను మన సోదరుడు. కొరియా నుంచి వచ్చినవాడు మన వీధిలో ఉంటే అతను మన పొరుగువాడు. వారికి మన సంస్కృతి తెలిసేది మన వంశవృక్షం వల్ల కాదు. సలాం వల్ల, సరైన తూకం వల్ల, ఇచ్చిన మాట నిలుపుకోవడం వల్ల.

కనుక సోదర సోదరీమణులారా! ఈసారి ఇంటికి సంబంధం వచ్చినప్పుడు 'ఏ ఖాందాన్?' అని అడిగేముందు 'దీన్ ఎలా ఉంది, నడవడి ఎలా ఉంది?' అని అడుగుదాం. ప్రతి సాయంత్రం పిల్లల దగ్గర కాసేపు కూర్చుని మనకు తెలిసింది నేర్పుదాం. వంశ గర్వం నుంచి మన హృదయాలను శుద్ధి చేసి, మన సంతానాన్ని సత్ప్రవర్తనకు వారసులుగా చేయమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.