కాస్త తాళండి అనే హక్కు ఎవరికుంది?

కాటన్‌పేట నుంచి విధానసౌధ ఎంతో దూరం లేదు. మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్. ఆ ఒక్క భవనంలోనే రెండు సభలు కూర్చుంటాయి. 224 మంది ఉండే విధానసభను మన పెద్దవాళ్లు ఓటు వేసి ఎన్నుకుంటారు. 75 మంది ఉండే విధాన పరిషత్తు సంగతి వేరు. అందులో మూడోవంతు మందిని నగరపాలికలు, పంచాయతీల వంటి స్థానిక సంస్థల సభ్యులు, ఇంకో మూడోవంతు మందిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. డిగ్రీ చదివినవాళ్లకు పన్నెండోవంతు, టీచర్లకు పన్నెండోవంతు. మిగిలినవాళ్లను గవర్నరు నియమిస్తారు. ఢిల్లీలో కూడా లోక్‌సభకు మనం ఓటేస్తాం, రాజ్యసభకు మన ఎమ్మెల్యేలు ఓటేస్తారు.

సోషల్ పాఠం చదువుతుంటే నాకొక సందేహం వచ్చింది. ప్రజలు నేరుగా ఎన్నుకున్న సభ ఒక బిల్లు పాస్ చేశాక, ప్రజలు నేరుగా ఎన్నుకోని సభ దాన్ని ఆపడం న్యాయమేనా? ఓటేసింది ఒకరికి, అడ్డం పడేది ఇంకొకరా?

ముందు ఆ అడ్డం ఎంతో చూద్దాం. పార్లమెంటులో మామూలు బిల్లు రెండు సభల్లోనూ పాస్ కావాలి. కుదరకపోతే రెండు సభలనూ కలిపి కూర్చోబెట్టవచ్చు. ఇది ఇప్పటికి మూడుసార్లే జరిగింది: 1961లో వరకట్న నిషేధ బిల్లుకు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దుకు, 2002లో పోటా చట్టానికి. కలిసి కూర్చుంటే 543 మంది ఉన్న లోక్‌సభ మాటే ఎక్కువగా నెగ్గుతుంది, రాజ్యసభలో ఉండేది 245 మందే కదా. డబ్బు బిల్లయితే రాజ్యసభ 14 రోజుల్లో సలహా చెప్పి తిప్పి పంపాలి, అంతే. రాష్ట్రాల్లో పరిషత్తుకు ఇంకా తక్కువ బలం. బిల్లును మొదటిసారి మూడు నెలలు, విధానసభ మళ్లీ పాస్ చేసి పంపితే ఇంకో నెల ఆపగలదు. ఆ తర్వాత పరిషత్తు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా బిల్లు పాసైనట్టే. అంటే పరిషత్తు చేతిలో ఉన్నది తలుపుకు వేసే తాళం కాదు, "కాస్త తాళండి" అనే మాట.

ఈ మాట మా ఇంట్లో ఒకసారి విన్నాను. పుంగనూరు పక్కన మాకు తాతల నాటి రెండెకరాల చేను ఉండేది. మా నాన్న, చిన్నాయన దాన్ని అమ్మేద్దామనుకున్నారు. బేరం కూడా కుదిరింది. అవ్వ పేరున పట్టా లేదు, ఆమె వద్దన్నా ఆగే పని కాదు. ఆమె వద్దనలేదు. "ఒక నెల తాళండ్రా, హోసూర్లో ఉండే బిడ్డను అడగండి" అంది. మా మేనత్తను అంతవరకు ఎవరూ అడగలేదు. సంతకం పెట్టేస్తుందిలే అనుకున్నారు. "కొనేవాడు వెనక్కి పోతే ఎవరు దిక్కు?" అని చిన్నాయన విసుక్కున్నాడు. నెల గడిచింది. చేను అదే ధరకు అమ్మారు. కానీ అందులో అత్తకు వాటా వచ్చింది. చివరి మాట నాన్నవాళ్లదే, అడగనివాళ్లను అడిగించింది మాత్రం అవ్వ.

రెండో సభ కూడా మా అవ్వలాంటిదేనని రాసి ఇక్కడ ఆపేయొచ్చు. అయితే అవ్వకు పార్టీ లేదు. సభలకు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది చూడండి. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లులను 58 మంది ఉన్న శాసనమండలిలో సెలెక్ట్ కమిటీకి పంపారు. మండలిలో అప్పుడు అధికార పార్టీకి మెజారిటీ లేదు. ఐదు రోజులకే, జనవరి 27న, అసలు మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. అసెంబ్లీ తీర్మానంతోనే మండలి పోదు, పార్లమెంటు చట్టం చేయాలి. జూలై 31న ఆ బిల్లులు గవర్నరు ఆమోదంతో చట్టాలయ్యాయి. 2021 నవంబర్ 22న ప్రభుత్వమే ఆ చట్టాలను వెనక్కి తీసుకుంది. మరునాడు మండలి రద్దు తీర్మానాన్ని కూడా వెనక్కి తీసుకుంది. అప్పటికి మండలిలో మెజారిటీ మారింది.

రాజధాని ఎక్కడుండాలో చెప్పేంత పెద్దదాన్ని కాను. నన్ను ఆలోచింపజేసింది వేరే. బిల్లును ఆపినవాళ్లు రాజకీయం కోసమే ఆపారని కొందరంటారు. అలాగే అనుకుందాం. అయినా ఆ నెలల్లో భూములిచ్చిన రైతులకు తమ మాట చెప్పుకోవడానికి టైం దొరికింది. ఆపినవాళ్ల ఉద్దేశం మంచిది కాకపోయినా, ఆగడం వల్ల మేలు జరగవచ్చు. కాబట్టి "ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు" అనే దానికంటే, "ఆ టైంలో ఎవరిని అడిగారు" అన్నదే పెద్ద ప్రశ్న అని నాకనిపిస్తుంది.

దీనికి ఎదురు వాదన చాలా గట్టిది, దాన్ని దాచకూడదు. ఎన్.టి. రామారావుగారి కాలంలో, 1985 జూన్ 1న, ఆంధ్రప్రదేశ్ శాసనమండలి రద్దయింది. మళ్లీ 2007లో గానీ రాలేదు. మధ్యలో ఉన్నది ఒక్క సభే. ఆ ఒక్క సభే 1986లో పిత్రార్జిత ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. రెండు సభలున్న మన కర్ణాటక ఆ పని 1994లో చేసింది. దేశం మొత్తానికి 2005లో వచ్చింది. మా అత్తకు వాటా కావాలని అవ్వ నెల రోజులు ఆగమంది, ఆ వాటాను చట్టంలో రాసిందేమో ఎవరూ ఆపని సభ! దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వేగంగా పోయే సభ ఒక్కోసారి మంచివైపే పోతుంది. కానీ తర్వాతి బిల్లు కూడా అటే పోతుందని ఎవరు హామీ ఇస్తారు?

తెలుగు మీడియంలో చదివే మనకు ఇది దూరపు విషయం కాదు. ఏ సభలో లెక్కపెట్టినా కర్ణాటకలో మనం తక్కువమందిమే. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడినప్పుడు, గీతకు ఇటువైపు మిగిలినవాళ్ల సంగతేమిటని పార్లమెంటు ఆలోచించింది. ఏడో రాజ్యాంగ సవరణతో 350ఎ అధికరణం పెట్టింది. భాషాపరంగా తక్కువమంది ఉన్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు రాష్ట్రాలు కృషి చేయాలని అందులో ఉంది. రాజ్యాంగ సవరణకు రెండు సభలనూ కలిపి కూర్చోబెట్టడం కుదరదు. ఏ సభకా సభ, ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. ఆ మాటను తీసేయాలన్నా అంతే. ఒక సభలో ఎవరికైనా ఒకసారి కోపం వచ్చినంత మాత్రాన అది పోదు.

అలాగని రెండో సభ తనంతట తానే మన తరఫున మాట్లాడుతుందని నమ్మను. రాజ్యసభను రాష్ట్రాల సభ అంటారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన వెంకయ్యనాయుడు గారు కర్ణాటక నుంచే మూడుసార్లు అక్కడికి వెళ్లారు, తర్వాత 2017 నుంచి 2022 వరకు ఆ సభకే ఛైర్మన్‌గా ఉన్నారు. తెలుగువాడని మనకు సంతోషమే. కానీ ఆయన్ను పంపింది పార్టీ, కన్నడిగులూ కాదు, కాటన్‌పేట తెలుగువాళ్లూ కాదు. ఏ రాష్ట్రం నుంచైనా నిలబడవచ్చని 2003లో చట్టమే మార్చారు.

విధాన పరిషత్తులో టీచర్ల సీట్లున్నాయని పైన రాశాను కదా. హైస్కూలు స్థాయికి తగ్గని బడుల్లో మూడేళ్లు పాఠాలు చెప్పినవాళ్లకు అందులో ఓటుంటుంది. మా స్టాఫ్‌రూంలోనూ ఆ ఓటున్నవాళ్లు ఉన్నారు. ఈసారి ఆ ఓట్లు అడగడానికి వచ్చినవాళ్లను, తెలుగు మీడియం బడుల్లో ఖాళీ పోస్టుల గురించి మీరు ఏ బిల్లు దగ్గర "తాళండి" అంటారని మా సార్లు, టీచర్లు అడగాలని నా కోరిక.