తొంభై మందిలో లేనివాళ్ళు

వైద్యశాస్త్రం గురించి రాయటానికి తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఏమి అధికారం ఉన్నదని పాఠకులు అడగవచ్చు. శాస్త్రం ఎలా పనిచేస్తుందన్నది శాస్త్రజ్ఞులు చెప్పవలసిన విషయమే. అది ఎవరికోసం పనిచెయ్యాలన్న ప్రశ్న మాత్రం వాళ్ళకు ఒదిలిపెట్టవలసింది కాదు. నన్ను ఈ ప్రశ్నలోకి దింపింది మా కళాశాలలో నాతో పనిచేసే ఒక మిత్రుడి కూతురు. పదకొండేళ్ళ పిల్ల. పుట్టిన కొద్ది నెలల నుంచీ దగ్గు. ఒక ఆసుపత్రిలో ఉబ్బసం అన్నారు. మరొక చోట క్షయ అనుకుని నెలల తరబడి మందులు మింగించారు. చివరకు చెమటలో ఉప్పు ఎంత ఉన్నదో కొలిచే పరీక్ష చేస్తే అది సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేలింది. ఇది తెల్లజాతివాళ్ళ జబ్బనీ, మన దేశంలో లేనే లేదనీ చాలాకాలం అనుకుంటూ వచ్చారు. వెతకనిది ఎక్కడ దొరుకుతుంది?

ఈ జబ్బుకు మూలమైన జన్యువును 1989లో లాప్‌చీ చూయ్, జాన్ రియర్డన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు కనిపెట్టినై. కణం పొరలో ఉప్పు రాకపోకలకు వాకిలివంటి ఒక ప్రోటీనును తయారుచేసే జన్యువు అది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితే శ్వాసనాళాలలో తెమడ జిగురు కట్టి పేరుకుంటుంది. అందులో సూక్ష్మజీవులు కాపురం పెడతై. ఊపిరితిత్తులు ఏటికేడాది తరిగిపోతై.

2012 నుంచి ఈ జబ్బుకు కొత్తరకం మాత్రలు వచ్చినై. 2019లో అమెరికా అనుమతించిన మూడు మందుల కలయిక వీటిలో అన్నిటికన్న గొప్పది. మంచాన పడ్డవాళ్ళు లేచి ఉద్యోగాలకు పోయారు. ఇందులో అతిశయోక్తి లేదు. కాని ఈ మాత్రలు వంకరగా తయారైన ప్రోటీనును సరిచెయ్యగలవే తప్ప కొత్తగా పుట్టించలేవు. తలుపు ఒరిగితే వడ్రంగి సరిచేస్తాడు. తలుపే లేని గుమ్మం దగ్గర అతని ఉలి దేనికి? మా మిత్రుడి కూతురిలో రెండు ప్రతులూ ప్రోటీనును అసలే తయారుచెయ్యని రకం.

ఆ మాత్ర అమెరికా రోగులలో సుమారు తొంభై శాతానికి పనికివస్తుందని అప్పట్లో లెక్క వేశారు. ఈ "తొంభై శాతం" అన్న మాట దగ్గర మనం కాస్త ఆగాలి. ఆ మాత్రను ఎఫ్508డెల్ అనే ఒక జన్యులోపాన్ని ప్రధానంగా దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. యూరప్ సంతతివాళ్ళలో అన్నిటికన్న ఎక్కువగా కనిపించే లోపం అది. భారతీయ రోగులలో అది అంతకన్న చాలా తక్కువ. మనవాళ్ళలో లోపాలు రకరకాలు. అంటే తొంభై అనేది జబ్బుకు సంబంధించిన సంఖ్య కాదు, ఎవరిని లెక్కపెట్టామన్నదానికి సంబంధించిన సంఖ్య. లెక్క మరొక దేశంలో మొదలుపెట్టి ఉంటే "మిగిలినవాళ్ళు" ఇంకెవరో అయి ఉండేవారు. మన ఆలంకారికులు సాధారణీకరణం అన్న మాట వాడతారు. ఒకడి శోకం అందరి శోకంగా అనుభవానికి రావటం అది. గణాంకాల సాధారణీకరణం దీనికి తలకిందులు. అందులో ఒకడి శోకం అందరి సంతోషంలో కలిసిపోయి కనిపించకుండా పోతుంది.

ఇక ఏ లోపమైనా సరే, చెడిన జన్యువుకు బదులు మంచి జన్యువునే ఊపిరితిత్తులలోకి పంపే పద్ధతి ఒకటి ఉన్నది. అది ఏ రోగినీ "నీ లోపం ఏ రకం?" అని అడగదు. నాకు అందులో కనిపించిన నైతికమైన ఆకర్షణ అదే.

పంపటం మాత్రం సులువు కాదు. జన్యువు ఋణావేశం గల పొడవాటి దారం. కణం పైపొరకూ ఋణావేశమే. రెండూ దగ్గరికి రావు. 1987లో ఫిలిప్ ఫెల్గ్‌నర్, ఆయన సహచరులూ తలకు ధనావేశమూ తోకకు కొవ్వుగుణమూ ఉన్న లిపిడ్ అణువులతో జన్యువును చుట్టి కణంలోకి పంపి చూపించారు. వైరస్‌ల మీద జన్యువును ఎక్కించి పంపే మార్గం మరొకటి ఉన్నది. కాని తొలినాడు వాడిన వైరస్‌లను శరీరం గుర్తుపట్టి రెండోసారి రానివ్వలేదు. శ్వాసనాళాల కణాలు రాలిపోయి కొత్తవి పుడుతూ ఉంటై కనుక మందు మళ్ళీ మళ్ళీ ఇవ్వక తప్పదు. కొవ్వు కణికలకు ఆ వెసులుబాటు ఉన్నది. అయితే వాటికీ దారి పొడుగునా గండాలే: జిగురు తెమడ, చెత్తను పైకి నెట్టివేసే సన్నని రోమాలు, పరాయిదాన్ని మింగివేసే రక్షక కణాలు. ఇవన్నీ దాటి కణంలో పడ్డా, అక్కడ తనను బంధించిన సంచిని చీల్చుకుని కేంద్రకం దాకా చేరాలి. చేరేవి బహు కొద్ది.

బ్రిటన్‌లో లండన్, ఎడింబరో నగరాలలో 2012-14 మధ్య జరిగిన ప్రయోగం ఈ చరిత్రలో ముఖ్యమైనది. దానికి ముందు జరిగిన ఏళ్ళ తరబడి కృషికి రోగుల కుటుంబాలు, దాతలు ఇచ్చిన చందాలు చాలావరకు ఆధారం. పన్నెండేళ్ళు దాటిన రోగులు నెలకొకసారి చొప్పున ఏడాదిపాటు ఆ మందును ఆవిరిలాగా పీల్చారు. ఫలితాలు 2015లో ప్రచురించారు. లెక్కలోకి తీసుకున్న 116 మందిలో 62 మంది పీల్చింది జన్యువును, 54 మంది పీల్చింది ఉత్త ఉప్పునీరు. ఎవరు ఏది పీలుస్తున్నదీ వాళ్ళకు తెలియదు. ఏడాది చివర ఊపిరి బలం కొలిస్తే ఉప్పునీటివాళ్ళలో 4 శాతం తగ్గింది. జన్యువు పీల్చినవాళ్ళలో దాదాపు నిలకడగా ఉన్నది. తేడా 3.7 శాతం.

ఇది విజయమా, అపజయమా? మార్కెట్టు ఇచ్చే జవాబు మనకు తెలుసు. 2018 నాటికి ఆ బృందమే ఒక మందుల కంపెనీతో కలిసి కొత్తరకం వైరస్ మార్గం పట్టింది. అందులో తప్పు పట్టవలసింది నాకేమీ కనిపించదు. బండి నడవకపోతే వేరే బండి కట్టాలి. 2021లో మరొక సంస్థ కొవ్వు కణికలలో ఆర్.ఎన్.ఏ. పెట్టి పీల్పించిన ప్రయోగంలో ఊపిరి బలం పెరిగిన జాడ కనిపించలేదు. నేను అడిగేది వేరు. ఆ 54 మంది ఏడాదిపాటు తరిగిపోవటమే తక్కిన 62 మంది నిలకడను కొలిచే కొలబద్ద అయింది. వాళ్ళు తెలిసి ఒప్పుకున్నారు, నిజమే. కాని తమకు మందు దొరకని సంవత్సరాన్ని తమవంటివాళ్ళందరి కోసం ఇచ్చారు గాని తొంభైమంది కోసం మాత్రమే ఇవ్వలేదు. అటువంటి జ్ఞానాన్ని లాభం రాలేదని అటక మీద పడెయ్యటానికి ఎవరికి హక్కున్నది?

దీనికి ఎదురుగా వచ్చే వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. పిల్లలు మామూలు న్యుమోనియాతో చనిపోయే దేశంలో అరుదైన జబ్బుకు జన్యువులు మోసే కణికలా, అని నా సహోద్యోగి ఒకరు కోపంగానే అన్నాడు. అతని కోపంలో న్యాయం ఉన్నది. అయితే ఈ ఖర్చు ఆపినంతమాత్రాన ఆ డబ్బు పల్లెలోని ఆసుపత్రికి చేరుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. పైగా బండి ఒక్క జబ్బుది కాదు. 2020లో వచ్చిన ఆర్.ఎన్.ఏ. టీకాలను కణాలలోకి చేర్చినవి కూడా కొవ్వు కణికలే. ధనావేశ లిపిడ్ల మీద హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది. సి.సి.ఎం.బి. ఆర్.ఎన్.ఏ. టీకా పద్ధతిని 2022లో ఇక్కడే తయారుచేసి చూపింది. చేతిలో విద్య లేక కాదు.

మరొకరు, మాత్ర ధర తగ్గిస్తే చాలదా అంటారు. ఆ మాత్ర ధర 2019లో అమెరికాలో ఏడాదికి సుమారు 3,11,000 డాలర్లు, తగ్గించవలసిందే. తగ్గించవచ్చు కూడా: 2012లో ఒక కేన్సరు మందుకు మన ప్రభుత్వం హైదరాబాదు కంపెనీ నాట్కోకు నిర్బంధ లైసెన్సు ఇస్తే నెలకు 2,80,000 రూపాయల మందు 8,880కి వచ్చింది. కాని మాత్రను ఉచితంగా పంచినా దానితో పని జరగని రోగులు ఉంటారు. డబ్బు లేక మందు అందకపోవటం ఒక అన్యాయం, దానికి చట్టం ఉన్నది, పోరాటం ఉన్నది. మందే పుట్టకపోవటం మరొకటి. దానికి కోర్టుకు ఎక్కి అడగటానికి ప్రతివాది కూడా కనిపించడు. రెండోదాన్ని మనం "ప్రకృతి" అని పిలిచి సరిపెట్టుకుంటున్నాము.

మొన్న ఆదివారం మిత్రుడి ఇంటికి వెళ్ళాను. ఆ పిల్ల తెమడ పల్చబడటానికి పొద్దునా సాయంత్రమూ గాఢమైన ఉప్పునీటి ఆవిరి పడుతుంది. యంత్రం గరగరలాడుతుంటే మూతి మీది తొడుగు తీయకుండానే లెక్కలు చేసుకుంటున్నది. లండన్‌లో ఆ 54 మంది పీల్చింది కూడా ఉప్పునీరేనని చెప్పాను. కాసేపు ఆలోచించి, "వాళ్ళకి తరవాత అసలు మందు ఇచ్చారా మాస్టారూ?" అన్నది.