ఆట నేర్చుకోవడం తప్పా?

పండక్కి బాన్సువాడ వెళ్తే తమ్ముడు అడిగాడు: "అన్నా, పోకర్ నేర్పవా? చేతిలో రెండు ముక్కలు, మధ్యలో ఐదు. లెక్కలే కదా, తప్పేంది?"

నేర్చుకోవడం తప్పు కాదు. ధర్మరాజు కూడా అరణ్యవాసంలో బృహదశ్వ మహర్షి దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాడు. మరి అంతకుముందు? ద్రౌపది పొందిన వరాలతో దాస్యం తప్పింది, ఆ తర్వాత పోయినవన్నీ తిరిగొచ్చాయి. అయినా రెండోసారి పిలవగానే వెళ్లి కూర్చున్నాడు. ఆట రాకపోవడం కంటే, వద్దనలేకపోవడమే ఆయన్ని ముంచింది.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. నేను బెంగళూరులో ఆడా. పోయింది రాబట్టుకుందామని ఒక్క రాత్రిలో నెల జీతం పోగొట్టుకున్నా. లెక్కలన్నీ తెలిసే!

తమ్ముడికి ఆట నేర్పా, చింతగింజలతో. ముందు చెప్పిన రూల్ ఒక్కటే: గింజలు అయిపోతే అప్పు లేదు, లేవాలి.

జై శ్రీకృష్ణ!