గుడ్‌వుడ్‌లో రథికుడి జాడ

ఇంగ్లండు దక్షిణ తీరానికి దగ్గరగా, వెస్ట్ ససెక్స్‌లోని గుడ్‌వుడ్‌లో ఏటా సెప్టెంబరులో మూడు రోజులపాటు పాత కార్ల పందేలు జరుగుతాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వెస్ట్‌హాంప్‌నెట్ విమానస్థావరం చుట్టూ వేసిన దారినే యుద్ధం ముగిశాక పందెపు బాటగా మలిచారు. ఒక చుట్టు దాదాపు 3.8 కిలోమీటర్లు. 1948 సెప్టెంబరు 18న మొదలైన పందేలు 1966తో ఆగిపోయాయి. మొదటి పందెం జరిగి సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, 1998లో, గుడ్‌వుడ్ ఎస్టేటు ప్రభువుల కుటుంబమే వాటికి మళ్లీ ప్రాణం పోసింది. ఇప్పుడు దాన్ని గుడ్‌వుడ్ రివైవల్ అంటారు. ఆ తొలి పందేలు సాగిన నాటివీ, అంతకు ముందువీ అయిన కార్లే ఇక్కడ పరుగెత్తుతాయి. చూడవచ్చేవారు కూడా చాలామంది ఆ కాలపు దుస్తులు తొడుక్కొస్తారు.

ఫెరారీ 250 జీటీఓలు మొత్తం తయారైనవే 36. ఒక్కొక్కటి కోట్ల డాలర్ల ఖరీదు. అలాంటి కార్లను కూడా ఇక్కడికి తెచ్చి, మాడ్జ్‌విక్ మలుపులో టైర్లు జారుతుండగా నిజమైన వేగంతో తోలతారు. రేకు సొట్టపోతుంది, ఇంజను పాడవుతుంది. బాగుచేయించి మళ్లీ బాట మీదికి తెస్తారు. ధనవంతుల వేడుక అని దీన్ని పక్కకు నెట్టడం నాకు సమ్మతం కాదు. అనుభవించాలంటే ముందు విడవాలని ఈశావాస్యోపనిషత్తు బోధించింది. తాళం వేసిన గదిలో కారును దాచుకున్నవాడు దాని ధరను మాత్రమే అనుభవిస్తాడు. చెడిపోతే చెడిపోనీ అని బాట మీదికి వదిలినవాడికి కారు దక్కుతుంది. కంచె ఇవతల నిలబడి చూసేవాడి సంగతి మరీ గొప్పది. అక్కడున్న వాటిలో ఒక్కటీ అతనిది కాదు, అయినా ఆనందం మొత్తం అతనిదే. ఆ ఆనందంలో నాది అనే ముల్లు లేదు, పోతుందనే బెంగ లేదు.

పాత పందెపు ఇంజన్లలో ఆముదం పోసేవారు. ఎంత వేడెక్కినా లోహం మీద పొర తెగకుండా నిలవడం దాని గుణం. నేటికీ కొందరు అదే వాడతారు కాబట్టి కాలిన ఆముదం వాసన బాట పక్కన గాలిలో తేలుతూ ఉంటుంది. ఆముదపు దీపం వెలుగులో చదువుకున్న తాతల కథలు విన్న మనకు ఆ వాసన పరాయిది కాదు.

అయితే ఒక ప్రశ్న వదలదు. ఇన్నిసార్లు విప్పి, మార్చి, అతికించిన ఈ కారు ఆనాటి కారేనా?

ఈ ప్రశ్న 1990లో లండన్ హైకోర్టుదాకా వెళ్లింది. ఓల్డ్ నంబర్ వన్ అని పేరుపడ్డ బెంట్లీ 1929లోనూ, 1930లోనూ లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. దాన్ని కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకున్నవారు, ఇది అసలు కారు కాదంటూ వెనక్కి తగ్గారు. పరీక్షించి చూస్తే 1929 నాటి కారులో మిగిలింది దాదాపు ఏమీ లేదు. 1930 నాటి దానిలోనూ పెడల్ షాఫ్టు, గేర్‌బాక్సు తొడుగు, స్టీరింగ్ కాలమ్ వంటి కొద్ది భాగాలే నిలిచాయి. అయినా జస్టిస్ ఆటన్ ఇది అసలైన ఓల్డ్ నంబర్ వన్నే అని తీర్పిచ్చారు. భాగాలు మారుతూ వచ్చాయి గానీ ఆ కారు చరిత్ర మధ్యలో ఎక్కడా తెగలేదు.

పూరీలోనూ అంతే, ఏటేటా కొత్త దారువుతో నందిఘోష రథం కడతారు. 16 చక్రాలూ కొత్తవే, అయినా అది జగన్నాథుడి నందిఘోషే.

మిలింద రాజుతో బౌద్ధ భిక్షువు నాగసేనుడు చేసిన వాదం ఇక్కడ గుర్తుకురాక తప్పదు. నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా అని భిక్షువు అడుగుతూ పోయాడు. రాజు అన్నిటికీ కాదనే చెప్పవలసి వచ్చింది. వాటన్నిటినీ ఆశ్రయించి నిలిచిన ఒక వ్యవహారమే రథమని తేలింది. నాగసేనుడు మనిషి విషయంలోనూ అక్కడే ఆగాడు. కఠోపనిషత్తులో యముడు ఆగలేదు. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి అని చెప్పి, ఆ రథంలో కూర్చున్న రథికుడు ఆత్మ అని నచికేతుడికి చూపించాడు. కారుకు నాగసేనుడి మాట సరిపోతుంది. మనిషికి అది చాలదని నా నమ్మకం. అందుకు సాక్ష్యం గుడ్‌వుడ్‌లోనే ఉంది.

1962 ఈస్టర్ సోమవారం నాడు, ఇదే బాటలో సెయింట్ మేరీస్ మలుపు దగ్గర పందెపు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ నడుపుతున్న లోటస్ కారు మట్టికట్టను ఢీకొంది. ఆయన వయసు అప్పుడు 32. నెల రోజులు స్పృహ లేదు. ఆర్నెల్లు శరీరం ఎడమ పక్క సరిగా స్వాధీనంలో లేదు. 1963 మే నెలలో, గాయాలు మానాక, మళ్లీ ఇక్కడికే వచ్చి కారెక్కి చూసుకున్నారు. వేగం పెద్దగా తగ్గలేదు. కానీ పూర్వం తనంతట తానే జరిగిపోయేది ఇప్పుడు ఆలోచించి చేయవలసి వస్తోందని గ్రహించి, పందేలు మానేశారు. తొందరపడ్డానేమో అని ఆ తర్వాత అనుకున్నారు కూడా.

బెంట్లీలో భాగాలు దాదాపు అన్నీ పోయినా కారు నిలిచింది. మాస్ విషయంలో కాళ్లూ చేతులూ తిరిగి స్వాధీనంలోకి వచ్చాయి, వాటిని నడిపిన నైపుణ్యం రాలేదు. మరి ఆ రాకపోవడం ఎవరికి తెలిసింది? గుర్రాలు తడబడ్డాయని, పగ్గం బిగిసిందని, సారథి వెనకటిలా లేడని చూసినవాడొకడు రథంలోనే ఉన్నాడు. దెబ్బ తగిలింది అతనికి కాదు. తగిలి ఉంటే లోటు తెలిసేదే కాదు. మాస్ ఆ చూపును నమ్మారు. కీర్తి, జీవిక రెండూ ఆ నైపుణ్యం మీదే నిలబడి ఉన్నా, దాన్నే నేననుకోకుండా వదిలేయగలిగారు. శాస్త్రం వైరాగ్యమని చెప్పేదానికి ఇంత తేటైన ఉదాహరణ నేను వేరే చోట చూడలేదు.

ఆయన బండిని ద్వేషించి వెళ్లలేదు. వృద్ధాప్యంలోనూ పాత కార్ల పందేలకు వచ్చారు, గుడ్‌వుడ్ రివైవల్‌లోనూ తోలారు. 2011లో, 81 ఏళ్ల వయసులో, లె మాన్‌లో పాత పోర్షే నడుపుతుండగా ఆయనకు భయం కలిగింది. కలిగిందని ఆ రోజే అందరికీ చెప్పి, ఇక పందేల్లో పాల్గొననన్నారు. 2020లో 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.