కప్పని గోయి

వాక్యభాగము: నిర్గమకాండము 21:33, 34



మోషే ధర్మశాస్త్రములో గోతినిగూర్చిన చిన్న ఆజ్ఞ ఒకటి కలదు. ఒకడు గోయి త్రవ్వి కప్పక విడిచిపోగా, పొరుగువాని ఎద్దుగాని గాడిదగాని అందులో పడి చచ్చినయెడల, గోతి యజమానుడే ఆ నష్టమును అచ్చుకొనవలెను. “నేను కీడు తలపెట్టలేదు” అను మాట అక్కడ చెల్లదు. కీడు కోరితివా అని దేవుడు అడుగుట లేదు. కప్పితివా అని అడుగుచున్నాడు.

నేడు మన యిండ్లలో ఇట్టి గోతులు అనేకములు. చెడిపోయిన సెల్‌ఫోను, కాలిపోయిన ట్యూబులైటు, పాత టీవీ, ఇన్వర్టరు బ్యాటరీ, క్రిస్మసు నక్షత్రములో వెలిగి ఆరిన సీరియలు బల్బులు. వీటిని పెంటకుప్పమీద వేయుదుము, చెరువుగట్టున పారవేయుదుము, లేదా ఉల్లిపాయలకు మార్చుకొందుము. కంటికి కనబడకపోగానే బాధ్యత తీరినదనుకొందుము.

అయితే వాటిలో ఏమున్నది? పాత ట్యూబులైటులోను సీఎఫ్‌ఎల్ బల్బులోను పాదరసము కలదు. డబ్బా టీవీ గాజులోను ఇన్వర్టరు బ్యాటరీలోను సీసము కలదు. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను చెరుపును. పెంట పొలమునకు పోవును. పొలము పంట మన కంచములోనికి వచ్చును.

మనము అమ్మినది ఎచ్చటికి పోవును? ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదులో బీదలు రాగి కొరకు యంత్రముల పలకలను కాల్చి, ఆ విషపు పొగను పీల్చిరి. ఆ బూడిద రామగంగానది ఒడ్డున పేరుకొనెను. 2022లో లోకమంతట ఇట్టి వ్యర్థము 6.2 కోట్ల టన్నులు కాగా, సరిగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది నాలుగవ వంతైనను లేదని ఐక్యరాజ్యసమితి నివేదిక తెలుపుచున్నది. మిగిలినదానిలో ఎంత భాగము కప్పని గోయియో ఆలోచించుడి.

మన దేశ ప్రభుత్వమును ఈ ధర్మమును గుర్తించినది. 2023 ఏప్రిలు 1 నుండి అమలైన నిబంధనల ప్రకారము, వస్తువును తయారుచేసిన కంపెనీయే దాని కడపటి గతికిని పూచీ వహింపవలెను. కంపెనీకే అట్లుండగా, క్రీస్తు పేరు ధరించిన మనకు ఎంత ఎక్కువగా ఉండవలెను!

కాబట్టి తీగెలను కాల్చకుడి. ట్యూబులైటును పగులగొట్టకుడి. ఉబ్బిన ఫోను బ్యాటరీని గుచ్చకుడి, అది అంటుకొనును. ఇన్వర్టరు బ్యాటరీలోని ఆసిడును నేలపై పారబోయక, కొత్తది కొనునప్పుడు పాతదానిని దుకాణమునకు అప్పగించుడి. ఇనుము, గిన్నెలు పాత సామాను కొనువానికి అమ్ముడి. అతడును మన పొరుగువాడే. విషముగల వాటిని మాత్రము అతని పిల్లల చేతికి పోనీయకుడి. ప్రతి సంఘమును మందిరములో పొడి మూలను మూతగల పెట్టె నొకటి ఉంచవచ్చును; పాడైన మైకుసెట్టు అందులో మొదట పడనిండు. అది నిండినప్పుడు పట్టణమునకు పోవువారు దానిని ప్రభుత్వ అనుమతి పొందిన సేకరణ కేంద్రమునకు చేర్చుదురు గాక.

ఇందువలన మనకు పోవునది కొన్ని ఉల్లిపాయలు. చేయనియెడల పోవునది పొరుగువాని బిడ్డ ఆరోగ్యము. ఆనాడు ఎద్దుకు వెల కట్టి ఇచ్చిరి. బిడ్డకు మనము ఏ వెల కట్టగలము?

ప్రార్థన: ప్రభువా, మేము త్రవ్విన గోతులను మాకు చూపుము. ఎవరును అందులో పడకమునుపే వాటిని కప్పు మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.